దుగరాజపట్నంలో డ్రెడ్జర్ దిగకముందే...

రాష్ట్రంలో ఓడరేవుల వ్యవహారాలు చూసే గౌరవ మంత్రి గారికి,

నమస్కారం. తిరుపతి నుంచి సముద్రం గురించి ఉత్తరమేమిటని మీ పేషీలో ఎవరైనా నవ్వుకోవచ్చు. 2022లో జిల్లాలు మారాక సూళ్లూరుపేట, తడ, వాకాడు అన్నీ మా జిల్లాలోకే వచ్చాయి. వాకాడు మండలంలోని దుగరాజపట్నంలో పోర్టు కడతామన్న హామీ 2014 విభజన చట్టంలోనే ఉంది. ఇప్పుడు నౌకానిర్మాణ కేంద్రం అంటున్నారు. రానివ్వండి, మా పిల్లలకు ఉద్యోగాలు కావాలి. నా విన్నపమల్లా, సముద్రం అడుగును తవ్వి తోడే డ్రెడ్జర్ దిగకముందు అక్కడి సముద్రం అడుగున పురావస్తు సర్వే చేయించమని, ఆ పనికి మా జిల్లా పిల్లలను తయారు చేయమని.

1626లో ఈస్టిండియా కంపెనీ అక్కడ స్థావరం పెట్టి కోట కట్టుకుంది. కంపెనీ కాగితాల్లో దాని పేరు ఆర్మగాన్. వ్యాపారం అనుకున్నట్టు సాగక, అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణాన వేరే చోటు వెతికి, 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర అనుమతి సంపాదించాడు. అదే మద్రాసు. ఆ నాయకుడికి పై ప్రభువు చంద్రగిరి రాయలు. చంద్రగిరి కోటను టికెట్ పెట్టి చూపిస్తున్నాం, దుగరాజపట్నాన్ని మాత్రం మరిచిపోయాం.

ఆ కాలంలో మన తీరంలో పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసుకునేవి. సరుకు చిన్న పడవల మీద ఒడ్డుకు చేరేది. లంగర్లు తెగిపోయేదీ, పగిలిన జాడీలు, పనికిరాని సామాను నీళ్లలో పడేదీ అలాంటి చోటే. డ్రెడ్జర్ ఒక్కసారి తోడేస్తే ఏ వస్తువు ఏ పొరలో ఉందో ఇక ఎవరూ చెప్పలేరు. దొరికినదాన్ని పైకి తీసి గాజుపెట్టెలో పెడితే సరిపోతుందనుకోవడమూ పొరపాటే. ఏళ్ల తరబడి నీళ్లలో నానిన చెక్క ఆరితే కుంచించుకుపోయి పగిలిపోతుంది. స్వీడన్‌లో 1961లో పైకి తీసిన వాసా ఓడ మీద 17 ఏళ్లపాటు రసాయనం చల్లాల్సి వచ్చింది. అందుకే వీలైనంతవరకు వస్తువును ఉన్నచోటే ఉంచి కాపాడాలని నీటి అడుగు వారసత్వం మీద 2001లో వచ్చిన యునెస్కో ఒప్పందం చెబుతుంది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు, అది ఢిల్లీ సంగతి.

ఇదేమీ మనకు కొత్త కాదు. నాగార్జునసాగర్ నీళ్లు రాకముందు, 1954 నుంచి ఆరేళ్లు లోయంతా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికి చేర్చారు. ఇక్కడ పని నీళ్లలో జరగాలి, అంతే తేడా. బ్రిటన్‌లో సముద్రంలో గాలిమరలు నాటే ముందు ఇలాంటి పరిశీలన మామూలు విషయం. దాని మీద బతుకుతున్న పురావస్తు నిపుణులు చాలామందే ఉన్నారు.

మన దగ్గర ఎవరున్నారు? గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ 1980ల నుంచి ద్వారక దగ్గర సముద్రం అడుగున పని చేసింది. భారత పురావస్తు శాఖలో నీటి అడుగు విభాగం 2001లో వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ద్వారకలో దిగిన ఆ శాఖ బృందంలో మహిళలూ ఉన్నారు. ఈ మాట చెబితే నా క్లాసులో ఆడపిల్లల కళ్లు మెరిశాయి. వెంటనే, "మేం ఎక్కడ నేర్చుకోవాలి మేడమ్?" అన్నారు. మా శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పురావస్తు శాస్త్రం చెబుతారు గానీ ఈ పనికి ఆ చదువు ఒక్కటే చాలదు. స్కూబా డైవింగ్ రావాలి, ధ్వని తరంగాలతో సముద్రం అడుగును చూపించే సోనార్ బొమ్మలు చదవడం రావాలి, అడుగున ఇసుక కదిలి చెయ్యి కూడా కనిపించని నీళ్లలో టెన్షన్ పడకుండా కొలతలు తీసుకోవాలి. డైవింగ్ శిక్షణ ఖర్చు కూలి చేసుకునే ఇంటి పిల్లలు మోయలేరు.

ప్రాజెక్టు ఖర్చులో కొంత ఈ శిక్షణకు కేటాయించండి. వాకాడు, తడ మత్స్యకార కుటుంబాల పిల్లలకు మొదటి అవకాశం ఇవ్వండి. ఈత వాళ్లకు కొత్తగా నేర్పక్కర్లేదు. వలలు ఎక్కడ దేనికి తగులుకుని చిరుగుతున్నాయో వాళ్ల నాన్నలను అడిగితే సర్వే ఎక్కడ మొదలుపెట్టాలో సగం తేలిపోతుంది.

డ్రెడ్జింగ్ టెండరు షరతుల్లో ఈ సర్వేను చేర్పిస్తారో లేదో దయచేసి బహిరంగంగానే చెప్పండి.

ఇట్లు,
తిరుపతిలో చరిత్ర పాఠాలు చెప్పుకునే ఒక అధ్యాపకురాలు