మందిరానికి స్లాబ్ పోయాలి: తెలుగు సంఘం నిర్మాణ కమిటీ విరాళాల విజ్ఞప్తి

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులకు, ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి దగ్గరున్న మన తెలుగు క్రైస్తవ సంఘం నిర్మాణ కమిటీ వందనాలు.

విషయం ముందే చెప్పేస్తాం. పునాదులు, పిల్లర్లు సంఘం సొంత కానుకలతోనే అయిపోయాయి. ఇక బీములు, స్లాబ్ మిగిలాయి. మేస్త్రీ, ఇంజినీరు కూర్చుని వేసిన లెక్క 6,40,000 రూపాయలు. చేతిలో 2,15,000 ఉన్నాయి. ఇంకా 4,25,000 కావాలి. వానలు దిగేలోగా స్లాబ్ పడకపోతే పిల్లర్ల పైన విడిచిపెట్టిన చువ్వలు ఇంకో వర్షాకాలం తడుస్తాయి. ఇప్పటికే తుప్పునీళ్లు కారి పిల్లర్ల మీద ఎర్రటి చారలు కట్టాయి.

రేకులే మళ్లీ వేసుకుంటే చవకగా పోతుంది కదా అని దూరంగా ఉన్నవాళ్లు అడుగుతున్నారు. ఇక్కడ ఉన్నవాళ్లు అడగరు. 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుఫానుకి అంచు రేకులు కొన్ని పోతే మళ్లీ బిగించుకున్నాం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మన కొండల మీదికి వచ్చినప్పుడు మాత్రం బిగించడానికి రేకు మిగల్లేదు. గాలి చూరు కింద దూరి ముందు అంచు రేకును లేపుతుంది. అది లేచిందంటే పక్కవాటికి పట్టు పోయినట్టే. సగం రేకులు పొలాల్లో దొరికాయి, వంకర్లు తిరిగిపోయి. అప్పటినుంచి ఆరాధన టార్పాలిన్ కిందే జరుగుతోంది. పాత గోడలు ఉండగా పిల్లర్లెందుకు అన్న ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబు: అవి మట్టితో పేర్చిన ఇటుక గోడలు, స్లాబ్ బరువు మోయలేవు.

ఇక అసలు మాట. చందాల సంగతి కమిటీలో ఎత్తగానే పెద్దాయన ఒకరు లేచి, "దేవుడి బలం మీద ఆనుకున్నాం అని ప్రతి ఆదివారం పాడతాం, మళ్లీ ఊరూరా చెయ్యి చాపడం ఏంటి?" అన్నారు. ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు. ఆ రాత్రి కూడిక అంతా దాని మీదే నడిచింది.

"నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను." బైబిల్లో అపొస్తలుడు పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయం, పదమూడో వచనం. ఆటోల వెనకా, పెళ్లి కార్డుల మీదా, పరీక్షకు వెళ్లే పిల్లల అట్టల మీదా ఉంటుంది. దాన్ని రాసినప్పుడు పౌలు సంకెళ్లలో ఉన్నాడు. ఎందుకు రాశాడో చూస్తే ఇంకా ఆశ్చర్యం వేస్తుంది: ఫిలిప్పీ సంఘం ఎపఫ్రొదితు చేత పంపిన కానుక అందిందని చెప్పడానికి. ఆ కానుక తెచ్చిన మనిషి జబ్బుపడి చావు దాకా వెళ్లొచ్చాడని అదే పత్రికలో ఉంది. అంటే మనం బలం గురించి కంఠస్థం చేసిన వచనం ఒక విరాళం రసీదులో ఉందన్నమాట! ఆ వెంటనే, నా శ్రమలో మీరు పాలుపుచ్చుకోవడం మంచి పని అంటాడు. దేవుడి బలం, ఫిలిప్పీవాళ్ల చెయ్యి రెండూ ఆయనకు ఒక్కచోటే కనిపించాయి.

ఆ "సమస్తము" ఏమిటో పై వచనంలోనే ఉంది: కడుపు నిండినా, ఆకలిగా ఉన్నా, కలిగినా, లేకపోయినా నిలబడటం. తలపెట్టిన ప్రతి పనీ అయిపోతుందన్న హామీ అక్కడ లేదు. అందుకే కమిటీ ఒక మాట రాసుకుంది. డబ్బు రాకపోతే టార్పాలిన్ కిందే స్తుతిస్తాం గానీ వడ్డీకి తేము. ఇవ్వనివాళ్ల పేరు ఎక్కడా ఎత్తం. పెద్ద మొత్తం ఇచ్చినవాళ్లకు ముందు వరస కుర్చీ ఉండదు, గోడ మీద పాలరాయి పలక కూడా ఉండదు. (ఈ చివరిదాని మీద గట్టి వాదనే జరిగింది. పలక వద్దన్నవాళ్లే గెలిచారు.)

ఇప్పటిదాకా వచ్చింది ఎలా వచ్చిందో కూడా వినండి. స్త్రీల సమాజంవాళ్లు ఎసట్లో బియ్యం పోసేముందు గుప్పెడు తీసి డబ్బాలో వేస్తారు. నెలాఖరుకు అన్నీ ఒక గోనెలో పోస్తే సన్నాలు, దొడ్డువి, రేషన్ బియ్యం కలిసిపోతాయి. అలాంటి బియ్యానికి కొట్టువాడు ధర కట్టడు. అందుకని మనవాళ్లే ఆదివారం వేలం పాడి, బజారు ధరకు పైనే కొనుక్కుంటున్నారు. పునాదికి సిమెంటు ఆ డబ్బుతోనే వచ్చింది. "పెన్షన్ డబ్బులు బాబూ, తక్కువని వద్దనకు" అని ఒక మామ్మ ట్రెజరర్ చేతిలో నోట్లు కుక్కి వెళ్లిపోయింది. మన సంఘంలో లేని పక్క రైతు ఒకాయన ఇసుక తోలడానికి ట్రాక్టర్ ఇచ్చి డీజిల్ డబ్బు కూడా తీసుకోలేదు.

ఇంకో సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, మన చుట్టరికాలు ఆంధ్రలోని పాతపట్నం, టెక్కలి వైపు ఉండిపోయాయి. ఇక్కడి మన పిల్లల్లో చాలామంది బడిలో చదివేది ఒడియా. తెలుగు అక్షరాలు వాళ్లకు పట్టుబడేది సండే స్కూల్లో, బైబిల్ ముందు పెట్టుకునే. వాన పడితే ముందు ఆగిపోయేది ఆ క్లాసే.

ఇచ్చే పద్ధతి: ఎంతైనా సరే, రసీదు తీసుకోండి. ఖాతా నంబరు ఇందులో వేయడం లేదు. వాట్సాప్‌లో తిరిగేటప్పుడు నంబర్లు మార్చేసేవాళ్లున్నారు కాబట్టి సంఘ కార్యదర్శిని నేరుగా అడిగి తీసుకోండి. మనకిచ్చే విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలు భారత పౌరులుగా సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపవచ్చు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లు దయచేసి పంపొద్దు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 కింద మనకు రిజిస్ట్రేషన్ లేదు. సిమెంటు రూపంలో ఇచ్చేవాళ్లు ముందుగా చెప్పండి, ఒకేసారి దింపితే చెమ్మకు గడ్డకడుతుంది. ఖర్చు లెక్క ప్రతి నెలా మొదటి ఆదివారం చదువుతాం.

కావలసినంత రాగానే ఆపేయమని మేమే చెబుతాం. ఇశ్రాయేలీయుల ఆరాధనకు కట్టిన ప్రత్యక్ష గుడారం పనికి జనం మరీ ఎక్కువ తెస్తుంటే ఇక చాలని మోషే చాటింపు వేయించాడు కదా (నిర్గమకాండం 36). అలా చాటింపు వేసే భాగ్యం మాకూ దొరకాలని ప్రార్థించండి.

డబ్బు ఇవ్వలేనివాళ్లు ఒక రోజు పని ఇవ్వండి. స్లాబ్ పోసే రోజు పొద్దున్నే మొదలుపెట్టి మధ్యలో ఆపకుండా పోయాలి, తట్టలు అందించడానికి మనుషులు చాలామంది కావాలి. తేదీ ఖాయం కాగానే ఆరాధనలో ప్రకటిస్తాం. ఆ రోజు పప్పన్నం, చింతకాయ పచ్చడి స్త్రీల సమాజం పెడుతుంది. పాత చెప్పులు వేసుకుని రండి.

ప్రభువు సేవలో,
మందిర నిర్మాణ కమిటీ