మిద్దె తోటల గురించి నెల్లూరు నగరపాలక సంస్థ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

రోహిణి కార్తెలో మా మిద్దె రాత్రి 11 దాటినా సెగ కక్కుతూనే ఉంటుంది. అందుకే పోయినేడు సగం మిద్దెకి మట్టి పోసి గడ్డి పెంచాం. కింద గది చల్లబడింది, నిజమే. కార్తీకంలో ముసురు పట్టేసరికి శ్లాబు చెమ్మగిల్లి, పెచ్చులూడి అమ్మ మంచం మీద పడ్డాయి. తప్పు మాదేలెండి: వాటర్‌ప్రూఫింగ్ లేదు, వేర్లు దిగకుండా షీటు లేదు, నీళ్లు పోయే దారి లేదు.

తడిసిన మామూలు మట్టి 10 సెంటీమీటర్ల మందానికే చదరపు మీటరుకు 150 కిలోలు దాటుతుంది. కట్టడాలు మోయాల్సిన బరువులు చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం, మనుషులు తిరిగే మిద్దెకి లెక్కగట్టే అదనపు బరువు సుమారు అంతే! మిద్దె తోట వేస్తామన్నవాళ్లకి ప్లాను మంజూరప్పుడే ఇంజనీరు చేత ఈ లెక్క వేయించండి. కొబ్బరిపొట్టు కలిపిన తేలిక మట్టి వాడమనండి.

ముందు మీ ఆఫీసు మిద్దె మీదే ఒకటి వేయించండి, వచ్చి చూసి నేర్చుకుంటాం.

ఇట్లు,
నెల్లూరు వాసి