రాయి మీద ఉత్తరం: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఒడిశా పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. గంజాం జిల్లాలో తెలుగు మాధ్యమం పిల్లలకు చరిత్ర చెప్పే ఉపాధ్యాయుణ్ణి. ఇదే లేఖను ఒడియాలో మీ కార్యాలయానికి విడిగా పంపాను. మా పిల్లల తల్లిదండ్రులు కూడా చదవాలని తెలుగులో ఇలా బహిరంగంగా రాస్తున్నాను.

ఆ మధ్య తొమ్మిదో తరగతి పరీక్షలో రెండు మార్కులకు "జౌగడ శిలాలేఖ గురించి వ్రాయుము" అని అడిగారు. ఒడియా ప్రశ్నను తెలుగు చేసినవారు 'శిలాలేఖ'ను అలాగే దించేశారు. మేము పాఠంలో చెప్పుకొనేది శిలాశాసనం. లేఖ అంటే మా పిల్లలకు ఉత్తరమే. ఒక కుర్రవాడు "అశోకుడు రాయి మీద ఉత్తరం రాశాడు. అధికారులకు రాశాడు" అని రెండు ముక్కలు రాసి ఊరుకున్నాడు. పేపర్లు వేరే బడిలో దిద్దారు. ఎర్ర సిరాతో గుండ్రంగా సున్నా చుట్టి పంపారు.

చూడగానే నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఋషికుల్య ఒడ్డున జౌగడ బండ మీద ఉన్న ప్రత్యేక శాసనాలు అచ్చంగా ఉత్తరాలే కదా! సమాప అనే ఊళ్ళో ఉన్న మహామాత్రులను, అంటే పెద్ద అధికారులను, ఉద్దేశించి చెక్కించినవి. మనుషులందరూ నా బిడ్డలే, ఎవరినీ అకారణంగా చెరలో పెట్టకండి, కోపం, తొందరపాటు మానుకోండి అని రాజు తన అధికారులను మందలించిన మాటలు. ఇంకా లొంగని సరిహద్దు జనాలు తనకు భయపడకూడదని కూడా చెప్పాడు. తిష్య నక్షత్రం నాడు వీటిని చదివి వినిపించమన్నాడు. కుర్రవాడు తప్పు రాయలేదు. అతని జవాబును కొలిచే గీత దిద్దేవారి దగ్గర లేదు, అంతే.

మరుసటి వారం అదే తరగతికి ఒక కాగితం ఇచ్చాను. ఒకే బండ మీద నాలుగు ప్రశ్నలు. జౌగడ ఏ నది ఒడ్డున ఉంది? అక్కడి ప్రత్యేక శాసనాలు ఎవరిని ఉద్దేశించినవి? లక్షమంది చచ్చారు, లక్షన్నర మందిని తరలించారు అంటూ కళింగ యుద్ధం గురించి పశ్చాత్తాపపడే అశోకుడి పదమూడో శాసనం గుజరాత్‌లోని గిర్నార్‌లో ఉంది, కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉంది. జౌగడలో ఉందా? లేకపోతే ఎందుకు లేదని నీకు అనిపిస్తోంది?

నాలుగోదానికి పండితులే ఒక్క మాట మీద లేరు. అందుకే అడిగాను. "చచ్చినవాళ్ళ లెక్క చచ్చినవాళ్ళ ఊరికి ఎవరు చెబుతారు సార్, వాళ్ళకు తెలుసు కదా" అని ఒక అమ్మాయి రాసింది. "ఓడిపోయినవాళ్ళకు గుర్తు చేస్తే మళ్ళీ తిరగబడతారని" అని ఇంకొకడు. ఈ రెండో జవాబు రాసినవాడు మొదటి ప్రశ్నకు మహానది అని రాశాడు! నది తప్పింది, రాజనీతి తప్పలేదు. మీ ప్రశ్నపత్రంలో అయితే వాడు నది దగ్గరే మునిగిపోయేవాడు.

చదువులో ఆలోచనను ఆరు మెట్లుగా పేర్చే బ్లూమ్ వర్గీకరణ 1956 నాటిది. జ్ఞానం, అవగాహన, వినియోగం, విశ్లేషణ, సంశ్లేషణ, మూల్యాంకనం అని శిక్షణలో మేమంతా వల్లె వేశాం. వల్లె వేయడం అందులో అట్టడుగు మెట్టేనన్న సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు.

అయితే ఒక భయం ఉంది. ఇలా సులువు నుంచి లోతుకు వెళ్ళే మెట్ల ప్రశ్నలు అనగానే తెలివైనవాళ్ళకు ఒక పేపరు, మందకొడివాళ్ళకు ఒక పేపరు అని విడదీసే బుద్ధి మా స్టాఫ్ రూముల్లోనే పుడుతుంది. అలా చేస్తే కింది పేపరు అందుకున్న పిల్లవాడికి 'ఎందుకు' అనే ప్రశ్న జన్మలో ఎదురుపడదు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, కొందరైతే సవర మాట్లాడే ఈ పిల్లల్లో ఆ కింది పేపరు ఎవరి చేతికి వస్తుందో వేరే చెప్పాలా? మెట్లు ప్రశ్నలకు ఉండాలి, పిల్లలకు కాదు. అన్ని మెట్లూ అందరి ముందూ ఉండాలి, ఏ మెట్టు మార్కులు ఆ మెట్టువే కావాలి.

అడిగేది పెద్దదేమీ కాదు. చరిత్ర పేపరులో ఒక్క ఆధారమైనా ఇచ్చి, దాని మీద ఇలా మూడు నాలుగు ప్రశ్నలు పెట్టించండి. శాసనంలో నాలుగు పంక్తులైనా సరే, పాత పటమైనా సరే. 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలిసింది. ఆ రోజు ఒక ఒడియా ఇంట్లో ఏమనుకొని ఉంటారు, ఒక తెలుగు ఇంట్లో ఏమనుకొని ఉంటారు అని అడగండి, మా పిల్లలు తాతలను అడిగి మరీ చదువుతారు. దిద్దేవారికి ఇచ్చే సూచనల్లో ఏ జవాబు సరైనది అన్నదానితో పాటు, ఎలాంటి కారణం చెబితే ఒప్పుకోవాలో నమూనాగా రాయించండి. తెలుగు ప్రశ్నపత్రం అచ్చుకు వెళ్ళే ముందు తెలుగులో చరిత్ర చెప్పే ఒక్కరికి చూపించండి. ఒక్క పూట పని.

ఆ కుర్రవాడి పేపరు నా బల్ల సొరుగులో ఉంది. ఆ సున్నాను కొట్టేసి రెండు మార్కులు వేసే అధికారం నాకు లేదు. మీకు ఉంది.

భవదీయుడు,
ఒక చరిత్ర ఉపాధ్యాయుడు,
గంజాం జిల్లా