వార్షిక నివేదిక 2022–23: పెట్రోలు ఖర్చు, సెల్లార్ చార్జింగ్, రాకపోకల ఏర్పాట్లు

అపార్ట్‌మెంట్ నివాసుల సంక్షేమ సంఘం, చందానగర్, హైదరాబాద్
సర్వసభ్య సమావేశానికి కార్యవర్గం సమర్పిస్తున్న నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

లిఫ్టు, బోరు, కాపలా, రంగులు వగైరా పనుల వివరాలు, జమాఖర్చులు కోశాధికారి విడిగా ఇచ్చిన పత్రంలో ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో మీరు తీర్మానం చేసి అప్పగించిన ఒక్క పని గురించే ఈ నివేదిక. ఇంటింటి పెట్రోలు ఖర్చు తగ్గడానికి సంఘం తరఫున చేయగలిగింది చేయాలన్నది ఆ తీర్మానం.

ఆ తీర్మానం ఏ పరిస్థితిలో వచ్చిందో ఒకసారి గుర్తుచేసుకుందాం. 2022 మార్చి 22 నుంచి ఏప్రిల్ 6 వరకు, పదహారు రోజుల్లో పద్నాలుగుసార్లు ధర పెంచారు. హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు రూ.108.20 నుంచి రూ.119.49కి చేరింది. మన రాష్ట్రంలో పెట్రోలు మీద వ్యాట్ 35.20 శాతం. అది శాతంలో ఉంది కాబట్టి అసలు ధర పెరిగిన కొద్దీ పన్ను కూడా పెరుగుతుంది. మే నెలలో కేంద్రం ఎక్సైజ్ సుంకం తగ్గించాక పెట్రోలు రూ.109.66కు, డీజిలు రూ.97.82కు దిగి 2022–23 చివరిదాకా అక్కడే నిలిచాయి. కింది లెక్కలన్నీ ఈ ధరల మీద వేసినవే.

లెక్క ఎక్కడ మొదలుపెట్టాం

ఎవరి బండి ఎంత ఇస్తుందో తెలియకుండా ఖర్చు తగ్గించడం కుదరదు. కంపెనీ చెప్పే మైలేజీని పక్కన పెట్టి, ట్యాంకు నుంచి ట్యాంకుకు కొలవమని సభ్యులను కోరాం. పద్ధతి చాలా సులువు. బంకులో నాజిల్ దానంతట అదే ఆగేదాకా నింపించి కిలోమీటర్లు రాసుకోవాలి. బండి మామూలుగా నడిపి, మళ్లీ అదే బంకులో, అదే పంపు దగ్గర, మొదటిసారి ఆగినంతవరకే నింపించాలి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే అసలు మైలేజీ వస్తుంది. ఒక్కసారి కొలిచి ఊరుకోకుండా మూడుసార్లు కొలిచి సగటు తీయాలి. బంకు కొలత మీద అనుమానం ఉంటే అక్కడి ఐదు లీటర్ల కొలపాత్రతో పోసి చూపమని అడిగే హక్కు ప్రతి వినియోగదారుకూ ఉంది.

రోజుకు రానూపోనూ 30 కిలోమీటర్లు, నెలకు 22 పనిదినాలు అనుకుంటే 660 కిలోమీటర్లు. లీటరుకు 12 ఇచ్చే కారుకు 55 లీటర్లు, అంటే రూ.6,031 పడుతుంది. లీటరుకు 45 ఇచ్చే బైకుకు అదే దూరానికి రూ.1,608 అవుతుంది.

బండి మార్చకుండా చేసే పొదుపుకు రెండు ఆదివారాలు సెల్లార్‌లోనే తనిఖీ పెట్టాం. టైర్లలో గాలి తగ్గి ఉండటమే అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన లోపం. గాలిని పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. దూరం నడిపి వచ్చాక చూస్తే వేడికి ఒత్తిడి ఎక్కువ చూపి, సరిపోయిందనిపిస్తుంది. బైకు చెయిను మధ్యలో వేలితో కదిపితే సుమారు 25 మిల్లీమీటర్ల ఊగు ఉండాలి. మరీ బిగిస్తే బేరింగులు అరుగుతాయి, మైలేజీ కూడా పడిపోతుంది. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోవడం, బ్రేకు షూ డ్రమ్ముకు రాసుకుంటూ ఉండటం కూడా బయటపడ్డాయి. మెయిన్ స్టాండు మీద వెనక చక్రాన్ని చేత్తో తిప్పితే తేలిగ్గా తిరగాలి. ఆగిపోతోందంటే రోజూ బ్రేకు వేసుకునే బండి నడుపుతున్నట్టు.

సెల్లార్ చార్జింగ్

ఏడాదిలో ఎక్కువ చర్చ, ఎక్కువ భయం, ఎక్కువ పని సెల్లార్‌లో ఎలక్ట్రిక్ బండ్ల చార్జింగ్ మీదే. భయం ఊరికే పుట్టింది కాదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, ఆ వెంటనే విజయవాడలో ఇంట్లో చార్జింగ్‌కు పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ బైకుల షోరూంలో మంటలు లేచి, పొగ పైన ఉన్న లాడ్జిలోకి ఎక్కి ఎనిమిది మంది చనిపోయారు. మనకూ కింద సెల్లార్, పైన ఇళ్లే. అందుకే చార్జింగ్‌ను నిషేధించాలని కొందరు సభ్యులు అడిగారు. కార్యవర్గం ఒప్పుకోలేదు. నిషేధిస్తే బ్యాటరీలు లిఫ్టెక్కి బెడ్‌రూముల్లోకి వెళ్తాయి, విజయవాడలో ప్రమాదం జరిగింది అలాంటి చోటే. అందరి కళ్లముందు, గాలి ఆడే చోట, సరైన వైరింగుతో ఏర్పాటు చేయడమే మేలని నిర్ణయించాం.

ర్యాంపు మొదట్లో, ఆకాశం కనిపించే చోట నాలుగు పాయింట్లు పెట్టించాం. మెట్ల కింద గాని, మీటర్ బోర్డు పక్కన గాని, జనరేటర్ డీజిలు డ్రమ్ము దగ్గర గాని పెట్టలేదు. ఒక్కో పాయింటుకు 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి విడిగా 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు పరిమితి దాటితే లైను ఆపే స్విచ్), 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపే స్విచ్), సబ్‌మీటరు ఉన్నాయి. మీటర్ బోర్డు నుంచి దూరం 30 మీటర్లు దాటుతుంది కాబట్టి 2.5 కాకుండా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగించాం. వానలకు సెల్లార్‌లోకి నీళ్లొచ్చిన అనుభవం మనకుంది, అందుకే సాకెట్లు నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో ఉన్నాయి. ఎర్త్ గుంత కొత్తగా తవ్వించాం. వేసవిలో వారానికోసారి అందులో నీళ్లు పోయడం వాచ్‌మన్ పనుల జాబితాలో చేర్చాం. గుంత ఎండిపోతే ఎర్తింగ్ పేరుకే మిగులుతుంది.

ఈ లైనును జనరేటర్ చేంజోవర్‌కు (కరెంటు పోతే జనరేటర్‌కు మార్చే స్విచ్‌కు) ముందే విడగొట్టాం. కరెంటు పోతే చార్జింగ్ ఆగిపోతుంది. అది లోపమని ఫిర్యాదులు వచ్చాయి, కానీ కావాలనే అలా పెట్టాం. జనరేటర్ లీటరు డీజిలుకు మూడు యూనిట్లు ఇస్తుందనుకుంటే యూనిట్ రూ.32 దాటుతుంది. డీజిలు కాల్చి బ్యాటరీ నింపుకోవడంలో అర్థం లేదు.

రెండు చోట్ల దెబ్బ తిన్నాం. మొదటిది, వానాకాలంలో ఆర్‌సీసీబీ పదేపదే పడిపోయి (ట్రిప్ అయి) చార్జింగ్ ఆగింది. వాన తడే కారణమనుకుని సాకెట్ పెట్టెలకు మూతలు మార్చాం, అయినా ఆగలేదు. చివరికి తేలిందేమిటంటే, ఎలక్ట్రీషియన్ ర్యాంపు లైటు న్యూట్రల్‌ను చార్జింగ్ లైను న్యూట్రల్‌తో కలిపేశాడు. లైటు వేసినప్పుడల్లా ఫేజులో వెళ్లిన కరెంటుకు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటుకు తేడా వస్తుంది. ఆర్‌సీసీబీ దాన్ని లీకేజీ అనుకుని పడిపోతుంది. న్యూట్రల్ విడదీశాక ఇబ్బంది పోయింది. మధ్యలో ఆర్‌సీసీబీని తీసేసి నేరుగా కలపమన్న సలహా వచ్చింది. తడి నేల మీద నిలబడి ప్లగ్గు పట్టుకునే మనిషిని కాపాడేది ఆ ఒక్క పరికరమే. దాన్ని ఎవరు అడిగినా తీయించం.

రెండోది, ఒక సాకెట్టు కరిగింది. చిన్న ప్లగ్గును కన్వర్టర్‌తో పెద్ద సాకెట్టులో పెట్టారు. పట్టు వదులుగా ఉంటే ఆ చోట వేడి పుడుతుంది. కరెంటు పరిమితి దాటకపోవడంతో ఎంసీబీ దాన్ని పట్టుకోలేదు. అప్పటినుంచి కన్వర్టర్, ఎక్స్‌టెన్షన్ బోర్డు రెండూ నిషేధం.

మిగతా నియమాలు గోడ మీద రాయించాం. ఎండలో తిరిగొచ్చిన బండిని వెంటనే చార్జింగ్‌కు పెట్టకూడదు, కనీసం అరగంట చల్లారనివ్వాలి. బండితో వచ్చిన చార్జరే వాడాలి. నీళ్లలో మునిగిన, కింద పడి దెబ్బతిన్న, ఉబ్బిన బ్యాటరీని మెకానిక్ చూసేదాకా ప్లగ్గు పెట్టకూడదు. రాత్రి పదికి వాచ్‌మన్ మెయిన్ స్విచ్ కట్టేస్తాడు, పొద్దున ఐదుకు వేస్తాడు. పొగ కనిపిస్తే ముందు ఎంసీబీ కట్టేసి, పక్క బండ్లను దూరం జరిపి, 101కు ఫోన్ చేయాలి. పొడి చల్లే ఎర్ర సిలిండర్ పైకి కనిపించే మంటను ఆపుతుందే గాని లిథియం సెల్లు లోపలి వేడిని తగ్గించలేదు. ఆరిందనుకున్నది మళ్లీ అంటుకుంటుంది. కరెంటు తీసేశాక దూరం నుంచి ధారాళంగా నీళ్లు కొట్టడమే చల్లబరిచే దారి, అందుకే అక్కడికి చేరే గొట్టం బిగించాం.

యూనిట్ ధర తగువు

మొదటి మూడు నెలలు కామన్ బిల్లును మొత్తం యూనిట్లతో భాగించి, ఆ సగటు ధరే చార్జింగ్‌కు వసూలు చేశాం. అది తప్పు. లిఫ్టు, మోటార్లతో మన కామన్ మీటరు నెలకు 800 యూనిట్లు ఎలాగూ దాటుతుంది. ఆపైన పడే ప్రతి యూనిటూ రూ.10 శ్లాబులోకే వెళ్తుంది. సగటు ధర తీసుకుంటే ఆ తేడాను స్కూటరు లేనివాళ్లు మోసినట్టే. ఇప్పుడు సబ్‌మీటర్ రీడింగ్ ప్రకారం యూనిట్‌కు రూ.10 తీసుకుంటున్నాం. వంద కిలోమీటర్లకు, చార్జింగ్ నష్టాలు కలుపుకుని, మూడున్నర యూనిట్లు అనుకుంటే నెలకు 660 కిలోమీటర్లకు 23 యూనిట్లు, అంటే రూ.230.

సొంత ఫ్లాటు మీటరు నుంచి తమ పార్కింగ్ దాకా లైను లాక్కుంటామన్నవారికి ఒక హెచ్చరిక. మీ వాడకం నెలకు 200 యూనిట్లకు కాస్త కింద ఉంటే జాగ్రత్త. 190 యూనిట్లకు కరెంటు చార్జీ రూ.772 (మొదటి వంద రూ.3.40 చొప్పున, మిగతా తొంభై రూ.4.80 చొప్పున). 23 కలిసి 213 అయితే కేటగిరీయే మారిపోతుంది. మొదటి 200 రూ.5.10 చొప్పున, తర్వాతి 13 రూ.7.70 చొప్పున, మొత్తం రూ.1,120. అంటే ఆ 23 యూనిట్లకు యూనిట్ రూ.15 పైనే పడింది. ఇప్పటికే 200 దాటి వాడేవారికి ఈ ఇబ్బంది లేదు. 220 నుంచి 243కు పెరిగితే అదనం రూ.177 మాత్రమే.

ఎలక్ట్రిక్ స్కూటరు ఎవరికి లాభం అని చాలామంది అడిగారు. పెట్రోలు స్కూటరు కంటే రూ.30,000 ఎక్కువ పెట్టి కొన్నారనుకుందాం. రోజుకు 30 కిలోమీటర్లు తిరిగేవారికి నెలకు రూ.1,380 దాకా మిగిలి, ఇరవై రెండు నెలల్లో ఆ డబ్బు తిరిగొస్తుంది. రోజుకు పది కిలోమీటర్లే తిరిగేవారికి ఐదేళ్లు దాటుతుంది. వారు ఉన్న బండినే బాగుచేయించుకోవడం మంచిది. కొనేవారు మాత్రం బ్యాటరీ ఏఐఎస్–156 (ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీ భద్రతా ప్రమాణం) సవరించిన నిబంధనలకు సరిపోతుందని డీలర్ చేత రాయించుకోండి. ఆ నిబంధనలు 2022 డిసెంబర్ 1న మొదటి దశగా, 2023 మార్చి 31న రెండో దశగా అమల్లోకి వచ్చాయి. పాత స్టాకు తగ్గింపు ధరకు వస్తోందని తొందరపడొద్దు.

రైలు, మెట్రో, బస్సు

హైటెక్ సిటీ వైపు ఉద్యోగులకు మెట్రో చుట్టుదారి. మియాపూర్‌లో ఎక్కి అమీర్‌పేటలో మారి రాయదుర్గం వైపు వెనక్కి రావాలి. అమీర్‌పేట, నాంపల్లి, దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళ్లేవారికి మాత్రం దాన్ని మించింది లేదు. చందానగర్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కితే హఫీజ్‌పేట తర్వాత హైటెక్ సిటీయే. టికెట్ ఐదు రూపాయలు. నెలకు రూ.220.

అయితే డబ్బు కారిపోయేది రైలు దిగాక. స్టేషన్ నుంచి ఆఫీసుకు షేర్ ఆటో రూ.20 అనుకుంటే నెలకు రూ.880, రైలు ఖర్చుకు నాలుగింతలు. ఇంటి నుంచి స్టేషన్‌కూ ఆటోయే అయితే మొత్తం కలిపి బైకు ఖర్చును దాటిపోతుంది. అందుకే ఇంటి వైపు ఆటోను మాన్పించడం మీద దృష్టి పెట్టాం. సెల్లార్‌లో దుమ్ముపట్టిన సైకిళ్లకు ట్యూబులు, బ్రేకు షూలు మార్పించాం. రైలు వేళల పట్టిక లిఫ్టు దగ్గర అతికిస్తున్నాం. ఒక రైలు తప్పితే తర్వాతిది చాలాసేపటికి గాని రాదు, ఆదివారాల్లో రద్దులూ ఉంటాయి. రైల్వే యాప్‌లో టికెట్ తీసుకునేవారు ఇంటి దగ్గరే తీసుకోండి. పట్టాల పక్కకు వచ్చాక యాప్ ఇవ్వదు, స్క్రీన్‌షాట్ చెల్లదు. రోజూ వెళ్లేవారు నెల సీజన్ టికెట్ తీసుకుంటే ఆ బెడదే ఉండదు.

అమీర్‌పేట, కోఠి వైపు 218, సికింద్రాబాద్ వైపు 219 బస్సులు మన రోడ్డు మీదుగానే వెళ్తాయి. మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సు నెల పాసు 2022–23లో రూ.1,300. వారానికి రెండు మూడు రోజులే ఆఫీసుకు వెళ్లేవారికి పాసు దండగ, విడి టికెట్టే చవక.

కార్లలో కలిసి వెళ్లడం

నెలవారీ సమాన వాటా పెట్టి చూశాం, రెండు నెలల్లో చెడింది. ఇంటి నుంచి పనిచేసే రోజులు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉండటమే కారణం. ఇప్పుడు ఏ రోజు లెక్క ఆ రోజుకే. తిరిగిన కిలోమీటర్లను కొలిచిన మైలేజీతో భాగించి, ఆనాటి పెట్రోలు ధరతో హెచ్చవేసి, టోలు, పార్కింగ్ కలిపి, డ్రైవరుతో సహా ఎక్కినవారందరికీ పంచుతున్నారు. నలుగురైతే పైన చెప్పిన రూ.6,031 తలా రూ.1,508 అవుతుంది. గేటు దగ్గర మూడు నిమిషాలకు మించి ఆగరు. ఖర్చుకు మించి ఒక్క రూపాయి కూడా తీసుకోవద్దు. తెల్ల నంబరు ప్లేటు బండి కిరాయికి తిప్పినట్టయితే పర్మిట్ చిక్కు వస్తుంది, ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మెలిక పెడుతుంది.

సభ ముందున్న విషయాలు

మరో నాలుగు పాయింట్లు కావాలని అర్జీలు వచ్చాయి. ఒక్కోటి ఒక కిలోవాట్ లాగితే ఎనిమిది కలిపి ఎనిమిది కిలోవాట్లు. రెండు లిఫ్టులు, మోటారు నడిచే సాయంత్రం వేళ మంజూరైన లోడు దాటిపోతుంది. అదనపు లోడుకు విద్యుత్ సంస్థకు దరఖాస్తు చేసి డిపాజిట్ కట్టడం ఒక దారి. మోటారును పొద్దున్నకు మార్చి, టైమర్‌తో నాలుగేసి పాయింట్లు విడతలుగా నడపడం రెండో దారి. కార్యవర్గం రెండోదాన్ని ముందుగా ఆరు నెలలు పరీక్షించాలని సిఫారసు చేస్తోంది. పాయింటు కావలసినవారు ఫ్లాటు నంబరు, బండి చార్జరు మీద రాసి ఉన్న వాట్లు, రోజుకు తిరిగే దూరం రాసి సమావేశానికి ముందే కార్యదర్శికి ఇవ్వాలి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి