బరువు మేము పెంచలేదు, మోసే శక్తిని మీరు తగ్గించారు: వ్యాను టైర్లు, చక్రాలపై ఫిర్యాదు

కావలి,
నెల్లూరు జిల్లా.

మేనేజరు గారికి,
టైర్లు, చక్రాల విక్రయ సంస్థ,
నెల్లూరు శాఖ.

విషయం: ఏడు సీట్ల వ్యానుకు చాలినంత బరువు మోయలేని టైర్లు, అల్లాయ్ చక్రాలు అమర్చడం, అవి దెబ్బతిన్నాక ఓవర్‌లోడ్ అని వారంటీ నిరాకరించడం గురించి.

అయ్యా,

మీ శాఖ పంపిన జవాబు అందింది. పరిమితికి మించి బరువు వేయడం వల్లే టైరు పాడైందనీ, కనుక వారంటీ వర్తించదనీ రెండు వాక్యాల్లో తేల్చేశారు. ఎవరి పరిమితి? బండి తయారు చేసిన కంపెనీ పెట్టిన పరిమితిని మేము ఒక్క కిలో కూడా దాటలేదు. దానికి ఆధారాలు ఈ లేఖతో జతచేస్తున్నాను. దాటింది మీరు బిగించిన టైర్ల పరిమితిని, చక్రాల పరిమితిని. అవి ఈ బండికి చాలవన్న మాట అమ్మేటప్పుడు మీరు చెప్పలేదు.

పాత టైర్లు అరిగిపోయాయి, అవే సైజువి కావాలి అని మీ దుకాణానికి వచ్చాను. అవి 205/65 ఆర్16, 95 హెచ్. మీ సేల్స్ అబ్బాయి వాటిని పక్కన పెట్టి, 17 అంగుళాల అల్లాయ్ చక్రాలు, వాటికి 215/50 ఆర్17, 91 వి టైర్లు కలిపి ప్యాకేజీగా చూపించాడు. ఈ బండిలో ఏడుగురం ఎక్కుతామనీ, వెనుక సామాను పెడతామనీ, ఏటా శ్రీశైలం ఘాట్ ఎక్కుతామనీ నేను అక్కడే చెప్పాను. "ఈ మోడల్ బండ్లకు ఇవే వేస్తున్నాం మేడమ్. పాతవి హెచ్, ఇవి వి. వాటికంటే గట్టివి" అని జవాబిచ్చాడు. రూ.78,400 బిల్లు కట్టాను. పాత ఇనుప చక్రాలు నాలుగూ మార్పిడి కింద మీరే ఉంచుకున్నారు.

ఆ అబ్బాయి గట్టిదనానికి గుర్తుగా చూపించిన అక్షరం వేగానికి సంబంధించినది. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్లు, వి అంటే 240. మా వ్యాను ఆ రెండు వేగాలనూ ఎన్నడూ చూడదు. బరువు సంగతి చెప్పేది దాని ముందున్న అంకె, దాన్నే లోడ్ ఇండెక్స్ అంటారు. 95 అంటే ఒక్కో టైరు 690 కిలోలు మోస్తుంది. 91 అంటే 615 కిలోలే. అదీ టైరులో నిర్దేశించిన పూర్తి గాలి ఉన్నప్పుడు. గాలి తగ్గితే ఆ శక్తి కూడా తగ్గుతుంది. మీ వాళ్లు పాత టైర్ల లెక్క ప్రకారం గాలి 33 పి.ఎస్.ఐ. (గాలి ఒత్తిడి కొలత) నింపి పంపించారు. 91 ఇండెక్స్ మామూలు టైరు తన పూర్తి 615 కిలోలు మోయాలంటే 36 పి.ఎస్.ఐ. ఉండాలి. కొన్నవారికి ఈ అంకెలు తెలియకపోవచ్చు. రోజూ టైర్లే అమ్మేవారికి తెలియకపోతే ఎలా?

ఫోనులో మీ సర్వీసు విభాగం వారు నాకు ఒక లెక్క చెప్పారు. నాలుగు టైర్లూ కలిపి 2,460 కిలోలు మోస్తాయి, బండి మొత్తం అనుమతి బరువు 2,380 కిలోలే, కనుక 80 కిలోలు ఇంకా మిగులే అన్నారు. వినడానికి సరిగ్గానే ఉంది. కానీ బరువు నాలుగు చక్రాల మీద సమానంగా పడదు. వెనుక వరుసలో పెద్దవాళ్లు కూర్చుని, వాళ్ల వెనుక పెట్టెలు పెట్టాక భారం ఎక్కువగా వెనుక ఇరుసు మీదికి జరుగుతుంది. అందుకే బండి తయారీదారు మొత్తం బరువుతో పాటు ఒక్కో ఇరుసుకు విడిగా పరిమితి రాస్తాడు. మా బండికి వెనుక ఇరుసు పరిమితి 1,290 కిలోలు. మీ టైర్లు రెండూ కలిపి మోసేది 1,230. అరవై కిలోలు తక్కువ. పాత టైర్లు రెండూ 1,380 కిలోలు మోసేవి. తొంభై కిలోల మిగులుతో తిరిగిన బండిని మీరు లోటులోకి దించారు. పైగా ఇది సమానమైన రోడ్డు మీద నిలబడి ఉన్న బండి లెక్క. ఘాట్ మలుపు తిరిగేటప్పుడు బయటి వైపు చక్రం మీద ఇంకా ఎక్కువ పడుతుంది.

చక్రాల సంగతి ఇంతకంటే ఘోరం. టైరు మీద ఉన్నట్టే అల్లాయ్ చక్రానికీ ఎంత బరువు మోయగలదో దాని లోపలి వైపు పోతపోసి ఉంటుంది. బిగించాక అది బయటికి కనిపించదు. కావలిలో మాకు తెలిసిన మెకానిక్ వెనుక చక్రం విప్పి తిప్పి చూపించాడు: గరిష్ఠ బరువు 575 కిలోలు. రెండూ కలిపితే 1,150. వెనుక ఇరుసు పరిమితికి 140 కిలోలు తక్కువ. ఇవి చిన్న కార్ల కోసం చేసిన చక్రాలు. నట్ల రంధ్రాలు సరిపోయినంత మాత్రాన వ్యానుకు పనికొస్తాయని ఎవరు చెప్పారు? మీ బిల్లులో చక్రం సైజు ఉంది, రంగు ఉంది, పాలిష్ పేరు కూడా ఉంది. అది మోసే బరువు మాత్రం ఎక్కడా లేదు.

మే నెలలో ఒంగోలు, పొదిలి, మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లాం. అత్తగారు, మామగారు, పిల్లలు, మేము, అంతా ఏడుగురమే. తిరుగు ప్రయాణంలో కొండ దిగి దోర్నాలలో టీ కోసం ఆగినప్పుడు, ఎదురుగా ఉన్న పంక్చరు షాపు పెద్దాయన మా వెనుక ఎడమ టైరు వంక చూసి దగ్గరికి వచ్చాడు. టైరు పక్క భాగంలో నిమ్మకాయంత బుడిపె లేచి ఉంది. "ఏమ్మా, పిల్లలను ఎక్కించుకుని దీని మీదనే కొండ దిగారా?" అన్నాడు. ఆ మాటకు మా అత్తగారు మళ్లీ బండి ఎక్కడానికి భయపడ్డారు. చక్రం విప్పితే రిమ్ము అంచు కూడా లోపలికి వంగి ఉంది.

గుంటలో పడితే ఎవరి టైరైనా ఉబ్బుతుందని మీ వాళ్లు అన్నారు. ఉబ్బవచ్చు. అయితే పాత టైరులో రిమ్ముకూ రోడ్డుకూ మధ్య 133 మిల్లీమీటర్ల రబ్బరు గోడ ఉండేది. మీరిచ్చిన టైరులో అది 107 మిల్లీమీటర్లే. గోడ పొట్టిదైంది, మోసే శక్తి తగ్గింది, గాలి చాలలేదు. అటువంటి టైరు చిన్న గుంటలోనే రిమ్ముకూ రాతికీ మధ్య నలిగి లోపలి దారాలు తెగుతాయి. శక్తికి మించి మోసే టైరు ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగి లోలోపల వేడెక్కుతుంది. మే నెలలో మార్కాపురం వైపు రోడ్డు ఎలా కాలుతుందో ఈ ప్రాంతంలో దుకాణం నడిపే మీకు నేను చెప్పనక్కరలేదు.

ఓవర్‌లోడ్ అన్న మీ మాట విన్నాక, అదే ఏడుగురిని ఎక్కించి, అవే పెట్టెలు సర్ది, బండిని కాటా మీద తూకం వేయించాను. మొత్తం బరువు 2,310 కిలోలు. వెనుక చక్రాలను మాత్రమే కాటా మీద నిలిపి తూస్తే 1,240 కిలోలు. రెండు తూకాలూ తయారీదారు పరిమితికి లోపలే ఉన్నాయి. వెనుక తూకం మాత్రం మీ టైర్ల పరిమితికి పది కిలోలు, మీ చక్రాల పరిమితికి 90 కిలోలు పైన ఉంది. బండికి న్యాయమైన బరువును మీ సరుకు మోయలేకపోతే, ఆ తప్పు ప్రయాణికుల మీద వేస్తారా?

అదే టైరును సగం ధరకు ఇస్తామన్న మీ ప్రతిపాదనను నేను అంగీకరించడం లేదు. చాలని టైరు స్థానంలో మళ్లీ చాలని టైరే వస్తుంది. అదే సైజులో ఎక్స్‌ఎల్ రకం (ఎక్కువ బరువు మోసేలా చేసినవి), 95 ఇండెక్స్ టైర్లు వేస్తామని మీ వాళ్లు తర్వాత ఇంకో మాట అన్నారు. దానితోనూ పని జరగదు. ఎక్స్‌ఎల్ టైరు తన పూర్తి బరువు మోయాలంటే గాలి 42 పి.ఎస్.ఐ. దాకా కావాలి. గాలి పెంచినా చక్రం మోసేది మాత్రం ఆ 575 కిలోలే. ఇక స్టెప్నీ పాత సైజుదే. కొత్త టైర్లకంటే దాని ఎత్తు 26 మిల్లీమీటర్లు ఎక్కువ. దోర్నాల నుంచి ఇంటి దాకా వెనుక ఒక వైపు పెద్ద చక్రం, ఇంకో వైపు చిన్న చక్రంతో, డిఫరెన్షియల్ (రెండు వైపుల చక్రాలకూ శక్తిని పంచే గేర్ల పెట్టె) ఏమవుతుందోనన్న భయంతో మెల్లగా రావలసి వచ్చింది. స్పీడోమీటరు కూడా తప్పు చూపిస్తోంది. అది 100 చూపినప్పుడు బండి నిజంగా వెళ్లేది 96 మాత్రమే.

కాబట్టి మీరు చేయవలసినది ఇది. మా దగ్గర తీసుకున్న ఇనుప చక్రాలు నాలుగూ తిరిగి ఇవ్వండి. అవి అమ్మేసి ఉంటే, ఒక్కోటి కనీసం 690 కిలోలు మోస్తుందని ముద్ర ఉన్న 16 అంగుళాల చక్రాలు ఇవ్వండి. ఆ ముద్రను బిగించే ముందు నాకు చూపించండి. వాటికి 205/65 ఆర్16 సైజులో 95కు తగ్గని టైర్లు, ఐఎస్ఐ గుర్తు ఉన్నవి, ఈ ఏడాది తయారైనవి వేయండి. తయారైన వారం, సంవత్సరం టైరు మీద నాలుగు అంకెల్లో ఉంటాయి, చూసుకునే తీసుకుంటాను. ధరలో తేడా ఉంటే మిగిలిన సొమ్ము వాపసు చేయండి.

ఇదే ప్యాకేజీని ఈ మోడల్ బండ్లకు వేస్తున్నామని మీ అబ్బాయే చెప్పాడు. అంటే నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మరికొన్ని కుటుంబాలు ఇవే చక్రాల మీద తిరుగుతున్నాయి. నా సొమ్ము కంటే నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఇదే. మీ బిల్లు పుస్తకాల్లో వాళ్ల ఫోను నంబర్లు ఉన్నాయి. పిల్లలను ఎక్కించుకుని ఎవరైనా ఇంకో కొండ దిగకముందే వాళ్లకు ఫోను చేసి చెప్పండి, చక్రాలు మార్చండి. ఇకపై ప్రతి బిల్లులో టైరు లోడ్ ఇండెక్స్, చక్రం మోసే బరువు రాయండి.

తయారీదారు సూచనలను, హెచ్చరికలను కొనుగోలుదారుకు చేరవేయని విక్రేతకూ 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బాధ్యత ఉంటుంది. ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా లిఖితపూర్వకమైన జవాబు రాకపోతే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. ఉబ్బిన టైరు, వంగిన చక్రం నా దగ్గరే భద్రంగా ఉన్నాయి. పరీక్షించాలంటే మీ ఇంజనీరును మా ఇంటికి పంపండి. వాటి పరీక్ష నా కళ్ల ఎదుటే జరగాలి. మీ దుకాణానికి మాత్రం వాటిని పంపను.

ఇట్లు,
మీ వినియోగదారు,
కావలి.

జతపరచినవి: బిల్లు ప్రతి, మీ జవాబు ప్రతి, రెండు కాటా చీటీలు, బండి తలుపు పక్కనున్న పట్టిక ఫొటో, టైరు మీది అంకెల ఫొటో, చక్రం లోపలి ముద్ర ఫొటో.