పుండు మీది పాచి, నానో మందు

సంపాదకులకు,

కంటికి కనిపించనంత చిన్నవైన నానో రేణువులలో నింపిన మందు మొండి పుండ్లను మాన్పగలదని మీ ఆరోగ్య పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. విషయం మంచిదే గాని, యాంటీబయాటిక్ వాడుతున్నా పుండు ఎందుకు మానదన్న అసలు ప్రశ్నను రెండు వాక్యాలలో దాటేసి, వ్యాసం నేరుగా కొత్త మందు దగ్గరికి వెళ్లిపోయింది. ఆ ప్రశ్నతో మా ఇంట్లో ఏడు నెలలు గడిపాము కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అన్నయ్యకు షుగరు ఉంది. కొత్త చెప్పు ఒరుసుకుని బొటనవేలి కింద లేచిన పొక్కు పుండుగా మారింది. ఊళ్లోనే ఒక ఆసుపత్రిలో యాంటీబయాటిక్ మూడుసార్లు మార్చారు గాని, పుండులో ఏ సూక్ష్మజీవి ఉందో, అది ఏ మందుకు లొంగుతుందో తేల్చే కల్చర్ పరీక్ష ఒక్కసారి కూడా రాయలేదు. తరువాత చూపించిన మరో చోట నర్సమ్మ సెలైనుతో కడిగి, గాజుగుడ్డతో గట్టిగా తుడిస్తే, అడుగు నుంచి బూడిదరంగు పొర ఒకటి జిగటగా సాగుతూ వచ్చింది. రెండు రోజులకు మళ్లీ పట్టింది. "ఇది ఇట్లాగే ఉంటే మాత్రలు ఎన్ని మింగినా ఒకటేనండీ" అన్నదామె.

బయోఫిల్మ్ అని వ్యాసంలో రాసినదానికి మనకు ఎప్పటినుంచో పాచి అన్న మాట ఉంది. కాలవగట్టు మెట్ల మీద కాలు జారేలా పట్టేదీ, పొద్దున్నే పళ్ల మీద తోముకునేదీ అదే. బాక్టీరియా ఒకచోట అతుక్కుని, తామే ఊరించుకున్న జిగురులో కాపురం పెడతాయి. పుండులో ఇది చాలాసార్లు కంటికి కనిపించదు కూడా. జిగురు లోపల ఆహారం, ప్రాణవాయువు తక్కువ కావడంతో కొన్ని బాక్టీరియా దాదాపు నిద్రలో ఉంటాయి. చాలా యాంటీబయాటిక్‌లు పెరుగుతున్న కణాన్నే బాగా దెబ్బతీస్తాయి కనుక ఇవి బతికిపోతాయి. విడిగా తేలే బాక్టీరియాను చంపే మోతాదుకు వెయ్యి రెట్లు ఇచ్చినా పాచిలోనివి తట్టుకున్న ప్రయోగాలు ఉన్నాయి.

నానో రేణువుల ఉపయోగం ఇక్కడే. ఉదాహరణకు అమికాసిన్ అనే యాంటీబయాటిక్‌ది ధనావేశం, సూడోమోనాస్ అనే బాక్టీరియా పాచిలోని ఆల్జినేట్ జిగురుది ఋణావేశం. అందువల్ల మందు పైపొరలకే అంటుకుని ఆగిపోతుంది. అదే మందును కొవ్వుతో చేసిన బుడగలో, అంటే లైపోసోమ్‌లో, దాచి పంపితే ఆవేశం మరుగునపడి లోపలి దాకా చేరగలుగుతుంది. ఈ బుడగలు సుమారు 300 నానోమీటర్లు ఉంటాయి. పుండ్లలో తరచుగా కనిపించే స్టాఫిలోకాకస్ కణం సుమారు 1000. నెబ్యులైజరుతో పీల్చే ఇటువంటి అమికాసిన్‌కు అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది. అయితే అది ఇతర మందులకు లొంగని ఒక రకం ఊపిరితిత్తుల జబ్బుకు, క్షయ క్రిమికి దగ్గరి జాతి బాక్టీరియా వల్ల వచ్చేదానికి, ఇచ్చిన అనుమతే తప్ప కాలి పుండుకు కాదు.

నిజానికి ఈ పద్ధతి మనకు కొత్త కాదు. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు జనం ఊరూరా వెతికిన లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ ఇంజక్షన్ ఇదే కోవది. మామూలు ఆంఫోటెరిసిన్ కంటే అది మూత్రపిండాలకు తక్కువ హాని చేస్తుంది. ధర ఎంతో, దొరకడం ఎంత కష్టమో కూడా అప్పుడే చూశాము.

వెండి నానో రేణువుల గురించి వ్యాసం మరీ ముచ్చటగా రాసింది. మోతాదు మించితే అవి మన కణాలకూ హాని చేస్తాయి. పైగా వెండిని తట్టుకునే బాక్టీరియా ఇప్పటికే ఉన్నాయి.

మా అన్నయ్య పుండు నానో లేకుండానే మానింది. వారానికి రెండుసార్లు పుండు గీకి శుభ్రం చేయడం, కల్చర్ చూసి ఇచ్చిన ఒకే ఒక మందు, కాలి మీద బరువు పడకుండా మెత్తటి చెప్పు, షుగరు అదుపు కలిసి పనిచేశాయి. కనుక షుగరు రోగి కాలి పుండుకు యాంటీబయాటిక్ మార్చే ముందు కల్చర్ పరీక్ష తప్పనిసరిగా చేయించేలా మన జిల్లాలోని ఆసుపత్రులకు వైద్య ఆరోగ్య శాఖ ఆదేశాలివ్వాలని కోరుతున్నాను. ఇకమీదట ఇటువంటి వ్యాసం వేసేటప్పుడు, ఆ ప్రయోగం గాజుపళ్లెంలో జరిగిందా, ఎలుకల మీదా, మనుషుల మీదా అన్నది మొదటి పేరాలోనే రాయవలసిందిగా మీకు మనవి.

– విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
బ్రాడీపేట, గుంటూరు