హాల్టు ఎత్తేసే ముందు ఏడాది గడువు ఇవ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను రిటైరైన స్టేషన్ మాస్టర్‌ని. సర్వీసులో ఎక్కువ కాలం చిన్న స్టేషన్లలోనే గడిచింది. రోజుకు రెండో మూడో ప్యాసింజర్లు ఆగేవి, మిగతావన్నీ దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయేవి. వాటికి పచ్చజెండా పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడడమే నా పని. ఒక సినిమా గురించి, దాని వెనుకే ఒక ప్రజా సమస్య గురించి, అంటే చిన్న స్టేషన్లలో రైళ్లు ఆగే హాల్టులను చెప్పాపెట్టకుండా తీసేయడం గురించి చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

సినిమా పేరు ‘పొప్పోయా’. 1999లో జపాన్‌లో వచ్చింది. అక్కడి చిన్నపిల్లలకు ‘పొప్పో’ అంటే రైలు చేసే చప్పుడు. మన పిల్లలు ‘చుక్ చుక్’ అన్నట్టే. ఆ మాట మీద పుట్టిందే ‘పొప్పోయా’, రైలు పనివాడు అని అర్థం. మా అబ్బాయి రైళ్ల పిచ్చివాడు. గుత్తి షెడ్డు ఆల్కో అనే పాతరకం డీజిల్ ఇంజను ఎక్కడికి వస్తుందో తెలుసుకుని, దాని చప్పుడు వినడానికి సెలవు పెట్టి వెళ్లేవాడు. ఆ సినిమా నాకు చూపించింది వాడే.

అందులో ప్రమాదాలు లేవు, రైలు మీద ఫైటింగులు లేవు. హొరోమాయి అనే బొగ్గు గనుల ఊరు ఉంటుంది. గనులు మూతపడి ఊరు ఖాళీ అవుతుంటుంది. లైను చివర ఉన్న ఆ స్టేషన్‌కు ఒతొమాత్సు అనే ముసలి స్టేషన్ మాస్టర్. రిటైర్మెంట్ దగ్గర పడింది, లైను కూడా మూసేస్తారని తెలుసు. అయినా మంచు కురుస్తుంటే ప్లాట్‌ఫారం ఊడ్చి, టోపీ సర్దుకుని, ఒకే ఒక్క పెట్టె ఉన్న డీజిల్ బండి కోసం నిలబడతాడు. పసిబిడ్డ జబ్బుపడి పట్నం ఆస్పత్రిలో చనిపోతే, భార్య ఆ బిడ్డను ఎత్తుకుని అదే రైల్లో తిరిగొస్తుంది. ఆ రైలుకు కూడా ఆయన జెండా పట్టుకునే ఎదురెళ్తాడు. ఆ సీన్ దగ్గర నేను లేచి వరండాలోకి వెళ్లిపోయాను. డ్యూటీలో ఉండగా ఇంట్లో జరిగిన మంచికీ చెడ్డకీ అందుకోలేకపోయిన రైల్వే వాళ్లు ఇంకా ఎంతమంది ఉన్నారో! చివర ఏమవుతుందో చెప్పను, చూసి తెలుసుకోవాల్సిందే.

ఒతొమాత్సుగా వేసిన కెన్ తకాకురాకు ఆ ఏడాది మాంట్రియల్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. కానీ రైలు అభిమానులకు ఆ సినిమా మీద ప్రేమ బహుమతుల వల్ల రాలేదు. వాళ్లు చాలా నిక్కచ్చి మనుషులు. సినిమాలో ఆ కాలానికి లేని ఇంజను కనిపిస్తే చాలు, ఆ సినిమాను క్షమించరు. ఇక్కడ మాత్రం కిహా 40 రకం బండిని పట్టుకుని, అంతకన్నా పాతదైన కిహా 12 లాగా మార్చి మరీ షూటింగ్ చేశారు. షూటింగ్ అయ్యాక కూడా ఆ బండి అదే వేషంలో మామూలు ప్రయాణికులతో తిరిగింది. ఇంకో సంగతి. ఒతొమాత్సు సిగ్నల్ వైపు వేలు చూపించి, సరిగ్గా ఉందని పైకి గట్టిగా అంటాడు. అది నటన కోసం పెట్టింది కాదు. జపాన్ రైల్వేలో రోజూ అలాగే చేస్తారు. మన లోకో పైలట్, అసిస్టెంట్ కూడా సిగ్నల్ కనబడగానే చెయ్యి చాపి రంగు పైకి చెప్పుకుంటారు. కళ్లు చూసింది నోరు పలికితే పొరపాటు తగ్గుతుందని. ఇంత చిన్న విషయాన్ని అంత శ్రద్ధగా చూపించిన సినిమాను మావాళ్లు ప్రేమించకుండా ఎలా ఉంటారు?

అసలు విషయానికి వస్తాను. హొరోమాయి కల్పిత ఊరే గానీ, షూటింగ్ జరిగిన స్టేషన్ నిజంగానే ఉంది. హొక్కైడో దీవిలో మినామిఫురానో పరిధిలో ఉంది, పేరు ఇకుతోరా. 1902లో తెరిచారు. 2016 ఆగస్టులో తుపాను వచ్చి పట్టాలు దెబ్బతిన్నాక దానికి మళ్లీ రైలు రాలేదు, బస్సులే నడిచాయి. చివరికి 2024 మార్చి 31తో ఫురానో నుంచి షింతొకు దాకా 81.7 కిలోమీటర్ల లైనును మూసేశారు. సినిమాలో జరిగిందే ఇరవై అయిదేళ్లకు నిజంగా జరిగింది.

ఆ మూసివేతను నేను సమర్థించడం లేదు. కానీ మూసిన పద్ధతి చూడండి. ఇన్ని లైన్లను మా ఒక్కరి వల్ల నడపలేమని ఆ లైను నడిపిన రైల్వే కంపెనీ 2016 నవంబరులోనే బయటికి చెప్పింది. తర్వాత దారిలో ఉన్న ఊళ్ల పాలకులతో ఏళ్ల తరబడి మాట్లాడింది. జపాన్ చట్టం ప్రకారం లైను ఎత్తేయాలంటే కనీసం ఏడాది ముందు నోటీసు ఇవ్వాలి. అలాగే 2023 మార్చిలో ఇచ్చారు. ఆ ఏడాదిలో బస్సుల ఏర్పాట్లు చూసుకున్నారు. ఎక్కడెక్కడి అభిమానులో వచ్చి చివరిసారి ఆ లైను మీద ప్రయాణం చేసి వెళ్లారు. స్టేషన్ భవనాన్ని, సినిమా సెట్టును, ఆ డీజిల్ బండి ముందు భాగాన్ని అక్కడే నిలబెట్టుకున్నారు.

మన దగ్గర ఏం జరుగుతోంది? కోవిడ్‌లో ఆగిపోయిన ప్యాసింజర్ హాల్టులు చాలా చిన్న స్టేషన్లలో తిరిగి రాలేదు. మా ఊరి స్టేషన్లో పొద్దున ఆరున్నర బండికి పూలబుట్టలతో ఆడవాళ్లు, టిఫిన్ క్యారియర్లతో కాలేజీ పిల్లలు నిండిపోయేవారు. ఆ బండి ఇప్పుడు కూత వేసుకుంటూ వెళ్లిపోతుంది. తీసేస్తున్నట్టు ఎవరూ ఊరికి చెప్పలేదు. టైం టేబుల్లో పేరు లేదు, అంతే. పూలవాళ్లు ఆటోకు రోజూ ఎంత పోస్తున్నారో, ఎంతమంది ఆడపిల్లలు చదువు మానేశారో ఏ రిజిస్టర్లోనూ రాయరు.

‘ఆదాయం లేదు’ అనేది మామూలుగా వినిపించే కారణం. స్టేషన్ మాస్టర్‌గా పనిచేసినవాడిని కాబట్టి ఒక మాట చెప్పగలను. చిన్న స్టేషన్ నుంచి రోజూ వెళ్లేవాళ్లలో చాలామంది నెలవారీ సీజన్ టికెట్ పట్నం స్టేషన్లో కొంటారు. రిటర్న్ టికెట్ కూడా అక్కడే. ఆ డబ్బంతా పట్నం లెక్కలో పడుతుంది. ఎక్కిన ఊరి కౌంటర్లో మాత్రం పది టికెట్లే కనిపిస్తాయి. ఆ పది చూసి హాల్టు తీసేయడం న్యాయం కాదు. మనుషుల్ని ప్లాట్‌ఫారం మీద నిలబడి లెక్కపెట్టాలి, కనీసం ఒక వారం, సంత రోజు కూడా కలిపి.

అందుకే మీ పత్రిక ద్వారా రైల్వే మంత్రికీ మన పార్లమెంటు సభ్యులకూ విన్నవించుకుంటున్నాను. హాల్టు ఎత్తేయాలన్నా, స్టేషన్ మూయాలన్నా ఏడాది ముందే ఆ స్టేషన్లో తెలుగులో నోటీసు అంటించాలి. పంచాయతీకి రాతపూర్వకంగా తెలపాలి. గ్రామసభలో ఒక అధికారి కూర్చుని అభ్యంతరాలు వినాలి. చుట్టుపక్కల బస్సు లేని ఊరైతే, బస్సు ఏర్పాటయ్యేదాకా హాల్టు తీయకూడదు. ఇప్పటికే తీసేసిన హాల్టుల మీద కూడా ఇదే పద్ధతిలో మళ్లీ విచారణ జరపాలి.

ఇంకొక కోరిక, ఇది మా అబ్బాయిలాంటి వాళ్ల తరఫున. మూసేసిన స్టేషన్ల భవనాలను వెంటనే పడగొట్టకండి. పంచాయతీ అడిగితే గ్రంథాలయానికో అంగన్‌వాడీకో ఇవ్వండి. మా స్టేషన్ చివర పసుపు రంగు బోర్డు ఇంకా ఉంది. ఊరి పేరు మూడు భాషల్లో, కింద సముద్రమట్టానికి ఎంత ఎత్తో కూడా ఉంది. అక్షరాలు వెలిసిపోతుంటే పోయిన సంక్రాంతికి ఊరి కుర్రాళ్లే నల్లరంగు కొనుక్కొచ్చి దిద్దారు. ఆ బోర్డునైనా అక్కడ ఉండనివ్వండి.

భవదీయుడు,
ఒక రిటైర్డ్ స్టేషన్ మాస్టర్,
అనంతపురం జిల్లా